కాన్పు నెత్తురు ఎవరు చూశారు? – ఓడల రేవు, మంత్రసాని చెయ్యి, స్కానింగ్ యంత్రం

స్కానింగ్ యంత్రం కథ ఎవరు చెప్పినా డాక్టర్ల పేర్లతో మొదలుపెడతారు. మేము ఓడల రేవుతో మొదలుపెడతాం. ఆ యంత్రం పుట్టింది ఆసుపత్రిలో కాదు, ఓడలూ బాయిలర్లూ కట్టేచోట. పైగా మేము రాస్తున్నది విశాఖపట్నం నుంచి. 1948 మార్చిలో జల ఉష ఓడ నీళ్ళలోకి దిగిన ఊరు ఇది. ఉక్కు రేకుల్ని అతికి, ఆ అతుకులో పగులుందా లేదా అని శబ్దం పంపి చూడడం ఇక్కడి షిప్‌యార్డు కార్మికులకీ, స్టీలు ప్లాంటు కార్మికులకీ రోజువారీ పని. అదే శబ్దాన్ని ఆడమనిషి పొట్ట మీద పెడితే అది వైద్యశాస్త్రం అయింది, ఉక్కు మీద పెడితే కూలిపని అయింది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడడానికే ఈ వ్యాసం.

సంగతి చాలా సులువైనది. మనిషి చెవికి సెకనుకి ఇరవై వేల కంపనాల దాకానే వినపడుతుంది. ఆ పైనున్న శబ్దాన్ని ఒక వస్తువులోకి పంపితే, లోపల ఒక పదార్థం అయిపోయి ఇంకో పదార్థం మొదలయ్యే చోట కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి ఎంత లోతున ఏముందో లెక్క కడతారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో లాంజెవాన్ అనే భౌతికశాస్త్రవేత్త జలాంతర్గాములను పట్టడానికి ఈ పద్ధతిని పైకి తెచ్చాడు. 1971 డిసెంబరులో ఘాజీ మునిగింది మన తీరంలోనే కాబట్టి జలాంతర్గామి వేట అంటే ఏమిటో విశాఖ జనానికి వేరే చెప్పక్కర్లేదు. రుషికొండ ముందున్న సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. మనిషి ఒంటి మెత్తటి కండలో 1540 మీటర్లు పోతుంది. ఉక్కులో 5900 దాకా పోతుంది. శబ్దం లెక్కలో మన ఒళ్ళు సముద్రానికి దగ్గరి చుట్టం.

1950ల నాటి గ్లాస్గో కూడా విశాఖ లాంటి ఊరే. క్లైడ్ నది పొడుగునా ఓడల యార్డులు, వాటి చుట్టూ బాయిలర్ల ఫ్యాక్టరీలు. ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు అక్కడ పనిచేసేవాడు. ఉక్కులో పగుళ్ళు పట్టే శబ్దయంత్రం గురించి తెలిసి, 1955 జూలైలో రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కంపెనీకి వెళ్ళాడు. ఆపరేషన్లలో తీసిన గర్భసంచి గడ్డల్నీ, నీటి తిత్తుల్నీ కారు డిక్కీలో వేసుకుని పట్టుకెళ్ళాడు. పోల్చి చూసుకోడానికి కంపెనీవాళ్ళు ఒక పెద్ద గొడ్డుమాంసం ముక్క ఇచ్చారు. (ప్రసూతి వైద్యంలో ఇంత పెద్ద మలుపుకి కొలబద్దగా నిలబడ్డది పెద్దకూర. హాస్టళ్ళలో పెద్దకూర మీద జరిగిన రభస చూసిన విద్యార్థి మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే పోయేదేమీ లేదు.) గడ్డ ఒక రకంగా, నీటి తిత్తి ఇంకో రకంగా ప్రతిధ్వని ఇచ్చాయి. తర్వాత కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో పనిచేసే టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు తోడయ్యాడు. 1958 జూన్‌లో డొనాల్డ్, మాక్‌వికార్, బ్రౌన్ పేర్లతో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. మూడు పేర్లున్నాయి. బాయిలర్ల షెడ్డులో ఆ యంత్రాన్ని చేతబట్టి నడిపిన పనివాళ్ళు ఆ పేర్లలో లేరు. ఎవరో కావాలని కొట్టేశారని మేము అనడం లేదు. జ్ఞానం చేతినుంచి కాగితం మీదికి ఎక్కేటప్పుడు కొన్ని చేతులు రాలిపోతాయి. ఈ రాలిపోవడమే మాకు ముఖ్యం. కాన్పు గదిలో కూడా ఇదే జరిగింది, ఇంకా ఘోరంగా.

ఇక నెత్తురు సంగతి. బిడ్డ బైటికొచ్చాక మాయ ఊడుతుంది. మన వైపు మావి అనే ఊళ్ళూ ఉన్నాయి. అది ఊడిన చోట గర్భసంచి లోపలి గోడ మీద పెద్ద పచ్చిపుండు మిగులుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా నెత్తురు పారుతూ ఉంటుంది. ఆ పారుదల ఆగాలంటే గర్భసంచి కండ గట్టిగా ముడుచుకోవాలి. కండపోగులు అడ్డంగా నిలువుగా అల్లుకుని ఉంటాయి కాబట్టి, ముడుచుకోగానే మధ్యలోంచి పోయే రక్తనాళాల్ని తాడు బిగించినట్టు బిగిస్తాయి. అలా బిగియకపోతే పది నిమిషాల్లో మనిషి చేజారిపోవచ్చు. కాన్పు తర్వాతి అధిక రక్తస్రావాల్లో నూటికి డెబ్బై దాకా కారణం ఇదే, గర్భసంచి మెత్తబడి ఉండిపోవడం. మిగతావాటిలో దారి చిరగడం, గర్భసంచి పగలడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, నెత్తురు గడ్డకట్టే గుణం పోవడం ఉంటాయి.

పుస్తకాల్లో హద్దు 500 మిల్లీలీటర్లు, సిజేరియన్ అయితే లీటరు. ఎవరి ఒంట్లోంచి 500? అరవై ఐదు కిలోలున్న నిండు గర్భిణిలో ఆరు లీటర్ల దాకా నెత్తురుంటుంది. నలభై కిలోల కూలిమనిషిలో మూడున్నర, నాలుగు లీటర్లకి మించదు. అందులోనూ రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో నూటికి 53.7 మంది రక్తహీనులే. ఒకే కొలత, రెండు ఒళ్ళు. ఒకామెకి నీరసం, ఇంకొకామెకి చావు. మనం కూటిలో ఉన్న తేడాని నెత్తురులో చదువుకోవాల్సి వస్తోంది.

ఈ నెత్తురుని ఇన్ని వందల ఏళ్ళు ఎవరు చూశారు? మన పల్లెల్లో పురుడు పోసింది మంగలి ఆడవాళ్ళు, మాల మాదిగ ఆడవాళ్ళు, ఒక్కో ఊళ్ళో ఒక్కో అణగారిన కులం ఆడవాళ్ళు. పురుడంటే మైల. మైల పడ్డ గదిలోకి వెళ్ళడానికి ముందే మైల అని ముద్రపడ్డ మనిషి కావాలి. బొడ్డు కోయడానికి, మాయ పాతడానికి, తడిసిన గుడ్డలు ఉతకడానికి పెరటి గుమ్మం లోంచి రావాలి, పనయ్యాక పెరటి గుమ్మం లోంచే పోవాలి. మిగతా రోజుల్లో అంటరాని చెయ్యి ఆ ఒక్క రాత్రి మాత్రం కడుపు లోపలిదాకా పోవచ్చు. ఇంతకన్నా పెద్ద వైరుధ్యం కులవ్యవస్థలో ఇంకోటి ఉంటుందని మేము అనుకోం. ఆ చేతికి చాలా తెలుసు. బొడ్డు కింద గర్భసంచి రాయిలా గట్టిపడిందా, పిండిముద్దలా మెత్తగా ఉందా అన్నది తడిమి చెప్పేది. మెత్తగా ఉంటే పొట్ట పిసికేది. బిడ్డని వెంటనే రొమ్ముకి పట్టించేది. బిడ్డ చీకితే గర్భసంచి ముడుచుకుంటుందని ఈరోజు ఏ వైద్య పుస్తకమైనా చెబుతుంది. ఆ ముడుపుకి కారణమైన ఆక్సిటోసిన్‌ని 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే మంత్రసానిని దేవతని చేసి కూర్చోబెట్టడం మా పని కాదు. మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగడం, కడగని చేత్తో లోపల కెలకడం వల్ల చచ్చిపోయిన తల్లులున్నారు. ఆ చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. దాన్ని దాచి రాస్తే అది చరిత్ర కాదు, భజన. కాకపోతే మురికి చేతుల నింద ఒక్క మంత్రసాని మీదే ఎందుకు పడిందని అడగాలి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ గమనించింది ఏమిటి? మంత్రసానులు కాన్పు చేసే వార్డులో కన్నా, శవాలు కోసి నేరుగా వచ్చే డాక్టర్ల వార్డులో తల్లులు ఎక్కువ చస్తున్నారని. అక్కడ డాక్టరు చేతులు కడుక్కుని డాక్టరుగానే మిగిలాడు. ఇక్కడ మంత్రసానికి చేతులు కడగడం నేర్పాలన్న మాట రావడానికే 1903 పట్టింది. లేడీ కర్జన్ విక్టోరియా స్కాలర్‌షిప్ నిధి అప్పుడు పెట్టింది. నేర్పడమంటే పైనుంచి కిందికి చెప్పడమే. ఆమెకి ఏం తెలుసో అడిగి రాసుకుందామన్న ఆలోచన ఆ పథకంలో లేదు.

ఆసుపత్రులు వచ్చాయి. అవి ఎలా వచ్చాయో పేర్లలోనే ఉంది. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ పూనికతో మొదలైన ఆసుపత్రి పేరు 'విక్టోరియా కులస్త్రీల, ఘోషాస్త్రీల ఆసుపత్రి'. కులస్త్రీలంటే పై కులాల స్త్రీలు. మరి కులంలో లెక్కకి రానివాళ్ళ సంగతి? ఆ పేరు అరవై ఏళ్ళకి పైగా బోర్డు మీద ఉంది. మన విశాఖ పాతఊళ్ళోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ జనం ఘోషా ఆసుపత్రి అనే అంటారు. ఘోషా అంటే ముసుగు, పరదా. పొలంలో నాట్లేసే ఆడదానికి, చేపల గంప నెత్తిన పెట్టుకుని జాలరిపేట నుంచి ఊళ్ళోకి నడిచే ఆడదానికి పరదా ఎక్కడిది? ఆడవాళ్ళ ఆసుపత్రి అన్న ఊహే పరదా చాటున ఉండే ఆడవాళ్ళ కోసం పుట్టింది. ఆ తలుపు లోంచే మనవాళ్ళు కూడా తర్వాత లోపలికి వచ్చారు. గుంటూరులో 1883లో దిగిన లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి లాంటివి ఉండబట్టి మాలమాదిగలకి మంచం మీద కాన్పు అనేది కొన్నిచోట్ల ముందే వచ్చింది. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, మెడికల్ కాలేజీ జస్టిస్ పార్టీ ప్రభుత్వ కాలంలో 1923లో మొదలయ్యాయి. కె.జి.హెచ్. అంటే ఉత్తరాంధ్ర బీదజనానికి ఇవాళ్టికీ ఆఖరి మెట్టు.

స్వాతంత్ర్యం వచ్చాక ఏఎన్ఎంలు వచ్చారు. 1970ల్లో దాయిలకు శిక్షణలు, కిట్లు వచ్చాయి. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, అదే ఏడు ఆగస్టులో 108 వచ్చింది. కాన్పు ఇంటినుంచి ఆసుపత్రికి మారిపోయింది. 2019–21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇది మంచిదే, కచ్చితంగా మంచిదే. 2001–03లో లక్ష సజీవ జననాలకి 195 మంది తల్లులు చనిపోయిన రాష్ట్రంలో 2018–20 నాటికి ఆ లెక్క 45కి దిగింది. అదే కాలానికి దేశం మొత్తం మీద 97. కానీ ఆ నలభై అయిదుగురు ఎవరు? శాంపిల్ రిజిస్ట్రేషన్ వాళ్ళ ఆ బులెటిన్‌లో రాష్ట్రాల గడి ఉంది, వయసు గడి ఉంది, కులం గడి లేదు. ఏ వాడలోంచి శవం లేచిందో రాయని లెక్క అది.

మంత్రసాని ఏమైంది? ఆమె చేతిలో ఉన్న పని పోయింది. మైల పని మాత్రం ఆమె కులాల్ని వదల్లేదు, లేబర్ రూమ్‌లోకి వెంట వచ్చింది. విశాఖలో ఊడ్చే పని, పాకీ పని తరతరాలుగా రెల్లి కులస్తుల నెత్తిన పెట్టారు. ఈరోజు ఏ పెద్దాసుపత్రి కాన్పు వార్డుకి వెళ్ళినా బక్కెట్టు, గుడ్డ పట్టుకుని ఉండే ఆడవాళ్ళలో రెల్లివాళ్ళు, మాలమాదిగలే ఎక్కువ. జీతం కాంట్రాక్టరు ఇస్తాడు, యూనిఫారం మీద కంపెనీ పేరు ఉంటుంది. నెత్తురు మొదట ఎవరి కంట పడుతుంది? డాక్టరు పక్క బల్ల మీద ఇంకో కాన్పులో ఉంటుంది. నర్సు ఇంజెక్షన్లు, కాగితాలు చూసుకుంటూ ఉంటుంది. తడిసిన గుడ్డ తీసి కొత్త గుడ్డ పెట్టే మనిషి కంటే ముందు ఎవరు చూస్తారు?

మేము మాట్లాడినవాళ్ళలో ఒక ఆయమ్మ ఉంది. ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి మానేసింది. ఆమె మాటల్ని ఆమె మాటల్లోనే రాస్తున్నాం: "గుడ్డ మార్సీది నానే కదా బాబూ. మూడు గుడ్డలు తడిసీసినాయంటే నాకు తెలీదేటి? ఎల్లి సిస్టరమ్మకి సెప్పినాను. ఆయమ్మ డాక్టరమ్మకి సెప్పింది. కాయితం మీద మాత్రం డాక్టరమ్మే సూసినట్టు ఉంటాది." ఇంకోమాట కూడా అంది. ఒకసారి చెప్పడానికి పోతే "నీకెందుకు, నీ పని చూసుకో" అన్నారట. ఆ రాత్రి ఏమైందో ఆమె చెప్పలేదు, మేము గుచ్చి గుచ్చి అడగలేదు.

కంటితో చూసి వేసే అంచనాలో నెత్తురు తక్కువగానే కనపడుతుంది. ఎక్కువ పోయేకొద్దీ అంచనా ఇంకా తక్కువ అవుతుందని వైద్యులే చాలాసార్లు తేల్చారు. దీనికి మందు కనిపెట్టిన చోటు చూడండి. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంల చేత ఒక పరీక్ష చేయించారు, 1620 మంది తల్లులతో. ఫలితాలు 2006లో లాన్సెట్‌లో వచ్చాయి. కాన్పు కాగానే మిసోప్రోస్టాల్ మాత్రలు ఇస్తే అధిక రక్తస్రావం నూటికి 12 నుంచి 6.4కి తగ్గింది. అందులో నెత్తురు కొలవడానికి పిరుదుల కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డ ఒకటి తయారుచేశారు. కింద గరాటులాంటి సంచీ, దాని మీద గీతలు. గీత చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. చదువు రానివాళ్ళకి కూడా తెలుస్తుంది. అలాంటి గీతల గుడ్డతోనే మొదలుపెట్టి, గర్భసంచి మర్దన, మందులు, సెలైను, పరీక్ష అన్నీ ఒక్కపెట్టున చేసే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకి పైగా కాన్పుల్లో పరీక్షించారు. తీవ్రమైన నష్టాలు నూటికి 60 తగ్గాయని 2023లో తేలింది. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దునే కిందికి దించింది: 300 మిల్లీలీటర్లు పోయి, నాడిలోనో బి.పి.లోనో తేడా కనిపిస్తే 500 దాకా ఆగొద్దంది. మూడో గుడ్డ తడవగానే లేచి వెళ్ళి చెప్పిన ఆయమ్మ దగ్గరికి శాస్త్రం ఇప్పుడు వచ్చింది.

మరి స్కానింగ్ ఏం చేస్తుంది? ఇక్కడ కార్యకర్త మిత్రులకి, నర్సింగ్ చదివే పిల్లలకి కాస్త వివరంగా చెప్పాలి. యంత్రం అంటే అన్నీ చెప్పేస్తుందన్న భ్రమ ఒకవైపు, యంత్రం డబ్బులు గుంజడానికేనన్న కోపం ఇంకోవైపు ఉన్నాయి. రెండూ నిజం కావు. గర్భసంచి మెత్తబడి నెత్తురు కారుతుంటే స్కానింగ్ కోసం ఆగకూడదు. అక్కడ చెయ్యే యంత్రం. మర్దన చెయ్యాలి, ఆక్సిటోసిన్ ఇవ్వాలి, మూడు గంటల లోపల ట్రానెక్సమిక్ ఆసిడ్ ఇవ్వాలి. ఈ మందు మీద ఇరవై వేల మంది తల్లులతో చేసిన పరీక్ష 2017లో వచ్చింది. ఇవన్నీ చేసినా ఆగకపోతే, లేదా గర్భసంచి గట్టిగానే ఉండి నెత్తురు కారుతుంటే, అప్పుడు లోపల ఏముందో చూడాలి. పొట్ట మీద ప్రోబు పెడితే గర్భసంచి మధ్యలో సన్నటి గీత మాత్రమే కనపడితే లోపల దాదాపు ఖాళీ అని అర్థం. తెల్లగా మెరిసే ముద్ద కనపడితే మాయ ముక్క అయి ఉండొచ్చు. అది గడ్డకట్టిన నెత్తురు కూడా కావచ్చు. రెండూ ఒకేలా కనపడి మోసం చేస్తాయి. రంగుల డాప్లర్ పెట్టి ఆ ముద్దలోకి నెత్తురు పారుతోందా చూస్తారు. పారుతుంటే మాయ ముక్క అన్న అనుమానం బలపడుతుంది. పారనంత మాత్రాన కాదనీ చెప్పలేం. గర్భసంచి బయట, పొట్టలో నల్లగా నీరు చేరినట్టు కనపడితే లోపల ఎక్కడో పగిలి నెత్తురు నిండుతోందని. అప్పుడు బైటికి కారేది కొంచెమే అయినా మనిషి పడిపోతుంది. గుడ్డ చెప్పలేని నెత్తురు అది. దాన్ని చెప్పేది యంత్రమే. తీసేటప్పుడు కూడా యంత్రం చూపిస్తూ ఉంటే మాయ ముక్కని గుడ్డిగా గీకి గర్భసంచి చిల్లు పెట్టే ప్రమాదం తగ్గుతుంది. నెత్తురు ఆపడానికి లోపల పెట్టే బెలూను సరైన చోట కూర్చుందా లేదా అన్నది కూడా తెరమీద తెలుస్తుంది.

బెలూను అన్నాం కాబట్టి ఒక పేరు చెప్పాలి. ఖరీదైన బెలూను దొరకని ఢాకాలో సయేబా అఖ్తర్ అనే డాక్టరు ఒక కండోమ్‌ని రబ్బరు గొట్టానికి కట్టి, లోపల పెట్టి, సెలైనుతో నింపింది. 2003లో అచ్చయిన ఆమె మొదటి లెక్కలో 23 మందికీ నెత్తురు ఆగింది. తర్వాత వేరే దేశాల పరీక్షల్లో ఫలితం అన్నిచోట్లా అంత బాగా రాలేదు. అయినా ఇవాళ మన దగ్గర జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఇది తెలిసిన పద్ధతి.

స్కానింగ్ అసలు బలం ఇంకో రెండు చోట్ల ఉంది. ఒకటి కాన్పుకి ముందు. మాయ కిందికి, దారికి అడ్డంగా ఉందా? పాత సిజేరియన్ మచ్చలోకి వేళ్ళు దింపిందా? దింపితే కాన్పులో మాయ ఊడదు, నెత్తురు కాలవలు కడుతుంది. ఈ జబ్బు సిజేరియన్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4, తెలంగాణలో 60.7 కాన్పులు సిజేరియన్లే. అంటే ప్రైవేటు ఆసుపత్రి ఒకచోట కోసిన కోత రెండో కాన్పుకి ప్రభుత్వ ఆసుపత్రి బల్ల మీద నెత్తురై కారుతోంది. రెండోది, ఇంటికి పంపేశాక. కాన్పైన మర్నాటి నుంచి ఆరు వారాల దాకా వచ్చే రక్తస్రావంలో మాయ ముక్క, చీము ముఖ్య కారణాలు. యంత్రం బాగా పనికొచ్చేది ఇక్కడే. కానీ ఈ రోజుల్లో ఆమె వార్డులో ఉండదు, వాడలో ఉంటుంది. బాలింత నెల తిరక్కుండానే పనికి పోయే ఇళ్ళలో నెత్తురు మళ్ళీ పడితే "పనికెళ్ళింది కదా, అందుకే" అనేస్తారు. స్కానింగ్‌కి రాసేవాళ్ళెవరు?

మన పట్టణాల్లో స్కానింగ్ సెంటర్లు 1980ల చివర, 1990ల్లో పుట్టగొడుగుల్లా లేచాయి. తల్లి నెత్తురు చూడడానికి కాదు, కడుపులో ఉన్నది ఆడో మగో చూడడానికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి 1991లో 975 మంది ఆడపిల్లలుంటే 2001కి 961కి పడిపోయారు. 1994లో లింగనిర్ధారణ నిరోధక చట్టం వచ్చింది, 1996 జనవరిలో అమలైంది, 2003లో దాన్ని బిగించారు. ప్రతి యంత్రమూ రిజిస్టరు కావాలి, ఫలానా గది దాటి పోకూడదు, ఫలానా అర్హత ఉన్న డాక్టరే ముట్టాలి. ఈ చట్టం కావాలి. దాన్ని తియ్యమనే డాక్టర్ల సంఘాల వాదన మాకు సమ్మతం కాదు. ఆ యంత్రంతో వ్యాపారం చేసింది ఎవరో, ఎవరి ఆస్తి పంపకాల భయానికి ఆడపిల్లలు పోయారో మనకి తెలుసు. కానీ దాని బరువు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. చేతిలో పట్టే చిన్న యంత్రాలు వచ్చి చాలా ఏళ్ళైంది. అవి పాడేరు కొండల్లో ఏఎన్ఎం సంచీలోకి రాలేవు.

రుషికొండనే తీసుకోండి. భీమిలి రోడ్డు పక్కన కొండల మీద ఐటీ కంపెనీల అద్దాల మేడలు, ప్రైవేటు యూనివర్సిటీ, దాని మెడికల్ కాలేజీ ఆసుపత్రి. అక్కడ ప్రతి అంతస్తులో యంత్రం పెట్టుకున్నా రిజిస్టరు చేస్తే సరిపోతుంది. కొండ కిందే చేపల పల్లెలు. ఆ ఆడవాళ్ళకి నెత్తురు పడితే ఆటో ఎక్కి కె.జి.హెచ్. వైపే చూస్తారు. ఇక వంద కిలోమీటర్లు దాటి, 2022లో కొత్త జిల్లా కేంద్రమైన పాడేరు వైపు పోతే, రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. డోలీ దించి 108 ఎక్కించేసరికి ఎంత నెత్తురు పోయిందో చెప్పే గీతల గుడ్డ లేదు. పొట్టలో నెత్తురు నిండిందో లేదో చెప్పే యంత్రం లేదు. ఈ రెండింటిలో మొదటిది రేపు పొద్దున్నే ఇవ్వొచ్చు, దానికి చట్టం అడ్డం కాదు. మేమైతే మొదట అదే అడుగుతాం. యంత్రం తర్వాత.

రెండోదానికి కూడా దారి లేకపోలేదు. బిడ్డ పుట్టేశాక ఆడో మగో వాడంతా తెలుసు, దాచేదేమీ లేదు. కాన్పు తర్వాత చేసే స్కానింగ్‌లో లింగనిర్ధారణ అన్న ప్రశ్నే రాదు. అదే యంత్రాన్ని మర్నాడు ఇంకో గర్భిణి మీద పెట్టొచ్చు కదా అంటారు. నిజమే. అందుకే అది ప్రభుత్వ లేబర్ రూమ్ దాటకుండా, వాడిన ప్రతిసారీ కాన్పు రిజిస్టరు నంబరుతో లెక్క రాసేలా కట్టడి పెట్టమనండి. యంత్రాన్ని తాళం వేసి ఉంచడం చేతనైన ప్రభుత్వానికి లెక్క రాయించడం చేతకాకపోదు. అసలు అడ్డం చట్టంలో ఉన్నంత మాత్రమే కాదు, ఎవరి చేతికి ఇవ్వాలన్న దగ్గర ఉంది. 2014 నిబంధనల ప్రకారం ఎం.బి.బి.ఎస్. డాక్టరుకే ఆరు నెలల శిక్షణ కావాలి. ఇరవై ఏళ్ళు లేబర్ రూమ్‌లో చేసిన స్టాఫ్ నర్సుకి ఏ శిక్షణతోనూ అనుమతి లేదు. ఇంగ్లండులో మంత్రసానులే శిక్షణ పొంది స్కానింగ్ చేస్తున్నారు.

షిప్‌యార్డు పనులకి పోయే మా వాడ కుర్రాళ్ళున్నారు. ఐటీఐ చేసి, శబ్ద పరీక్షలో రెండో స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. తరగతి గంటలు మొత్తం ఎనభై, ఆపైన కొన్ని నెలల పని అనుభవం. ఓడ అడుగున పెట్టిన వెల్డింగు అతుకు మీద ప్రోబు జరుపుకుంటూ పోయి, ఇక్కడ పగులుంది అని సుద్దముక్కతో గీత గీస్తారు. కాగితం మీద సంతకం వాళ్ళదే ఉంటుంది. వాళ్ళలో కొందరి తల్లులు, అత్తలు ఆసుపత్రి వార్డుల్లో కాంట్రాక్టు పనిలో ఉన్నారు. మూడో గుడ్డ తడిసిందని సిస్టరమ్మకి చెప్పేది వాళ్ళే. కేస్ షీటులో ఆ మాటకి గడి లేదు. టైము, గుడ్డల లెక్క, చెప్పిన మనిషి పేరు – ఈ మూడు గడులు పెట్టమని మేము అడిగినచోట నవ్వి ఊరుకున్నారు.